ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డును తల్లిదండ్రులు ఎలా చదవాలి

ఏప్రిల్ చివరి వారంలో బడులకు వేసవి సెలవులు ఇచ్చే వేళకు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఐదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక ప్రోగ్రెస్ కార్డు చేరుతుంది. ప్రాథమిక బడి చదువు దానితో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేసరికి ఆ పిల్లల్లో చాలామంది మరో బడిలో, కొత్త ఉపాధ్యాయుల ముందు ఆరో తరగతిలో కూర్చుంటారు. అందువల్ల ఈ కార్డును మిగతా ఏళ్ల కార్డుల కంటే ఓపికగా చదవవలసి ఉంటుంది. చాలా ఇళ్లలో మాత్రం మొత్తం మార్కులు చూస్తారు, గ్రేడు చూస్తారు, పక్కింటి పిల్లవాడికి ఎంత వచ్చిందో కనుక్కుంటారు, సంతకం పెట్టి తిరిగి పంపుతారు. రేపు ఆరో తరగతిలో మీ బిడ్డకు ఎక్కడ కష్టం ఎదురవుతుందో ఆ మూడింటిలో ఏదీ చెప్పదు. చెప్పగలిగినది జవాబు పత్రం. ఏ సబ్జెక్టు జవాబు పత్రాన్ని ముందుగా తెరవాలో కార్డు చూసి తెలుసుకోవాలి, ఆ పత్రంలో మార్కులు ఎక్కడ పోయాయో, ఎందుకు పోయాయో పట్టుకోవాలి. పెద్ద చదువులు లేని తల్లిదండ్రులు కూడా చేయగలిగిన పని ఇది.

ముందుగా ఒక భయాన్ని పక్కన పెట్టాలి. "మావాడు ఫెయిలైనాడా అయ్యవారూ?" అన్నది కార్డు అందుకున్న తల్లిదండ్రులు తరచుగా అడిగే మొదటి మాట. ఐదో తరగతి చివర రాసేది పదో తరగతి పరీక్ష వంటిది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు పిల్లలకు బోర్డు పరీక్ష ఉండరాదని స్పష్టంగా చెప్పింది. 2019లో ఆ చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష నిర్వహించాలనీ, అందులో వెనుకబడిన పిల్లలకు అదనంగా బోధించి ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలనీ, అప్పటికీ నిలవలేకపోతే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది ప్రభుత్వాలే నిర్ణయించుకోవచ్చుననీ చేర్చారు. కేంద్ర ప్రభుత్వం తాను నడిపే కేంద్రీయ విద్యాలయాల వంటి బడుల్లో అలా నిలిపివేయడానికి వీలు కల్పిస్తూ 2024 డిసెంబరులో నిబంధనలు మార్చింది. కాబట్టి తిరుపతిలోని కేంద్రీయ విద్యాలయాల్లో పిల్లలను చదివిస్తున్నవారు మళ్లీ పరీక్ష తేదీలను తప్పక అడిగి తెలుసుకోవాలి. మిగతా బడుల్లో చదివించేవారు తమ బడి పద్ధతి ఏమిటో ప్రధానోపాధ్యాయులనే నేరుగా అడగడం మేలు. మార్కులు తక్కువ వచ్చాయన్న కారణంతో ఎనిమిదో తరగతి పూర్తికాకముందే పిల్లలను బడి నుంచి తీసివేసే అధికారం మాత్రం ఏ బడికీ లేదు.

కార్డులో ఉన్నదేమిటి

రాష్ట్ర సిలబస్ చదివే పిల్లల కార్డులో ఏడాది పొడవునా జరిగిన రెండు రకాల పరీక్షల ఫలితాలు కనిపిస్తాయి. ఎఫ్ఏ అని రాసి ఉండేవి నిర్మాణాత్మక మూల్యాంకనాలు, ఎస్ఏ అని రాసి ఉండేవి సంగ్రహణాత్మక మూల్యాంకనాలు. సాధారణంగా మొదటివి నాలుగు, రెండోవి రెండు జరుగుతాయి. వీటి పేర్లూ పద్ధతులూ ఈ మధ్య కాలంలో మారుతూ వచ్చాయి. కొంతకాలం తరగతి గది ఆధారిత మూల్యాంకనమంటూ జవాబులను ఓఎంఆర్ పత్రాల మీద గుర్తించే పరీక్షలు కూడా పెట్టారు. పేరు ఏదైనా, చదువు సాగుతున్నప్పుడు మధ్యమధ్యలో చూసేది ఒకటి, కొంత చదువు పూర్తయ్యాక మొత్తంగా చూసేది మరొకటి అని గుర్తుంచుకుంటే చాలు. ఏప్రిల్‌లో జరిగే రెండో ఎస్ఏ ఏడాది చివరి పరీక్ష.

ఈ రెండింటి మార్కులను పక్కపక్కన పెట్టి చూడడం కార్డు చదవడంలో మొదటి మెట్టు. ఎఫ్ఏ మార్కులన్నీ రాత పరీక్షవి కావు. తరగతిలో పాల్గొని స్పందించడం, నోటు పుస్తకంలోని రాత పని, ప్రాజెక్టు పని, చివరగా ఒక లఘు పరీక్ష కలిసి ఆ మార్కులు అవుతాయి. అందుచేత ఎఫ్ఏలలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఎస్ఏలో బాగా తగ్గితే వెంటనే బద్ధకమని తీర్మానించకూడదు. తరగతిలో చురుకుగా ఉండి, నోటి మాటగా జవాబు చెప్పగలిగి, అదే జవాబును కాగితం మీద వాక్యాలుగా పెట్టలేని పిల్లలు చాలామంది ఉంటారు. ప్రాజెక్టు పనిని ఇంట్లో అన్నో అక్కో చేసి పెట్టినందువల్ల ఎఫ్ఏ మార్కులు పెరిగి ఉండవచ్చు. ఆ సంగతి బడి కంటే మీకే బాగా తెలుస్తుంది. ఎఫ్ఏలో తక్కువ, ఎస్ఏలో ఎక్కువ వస్తే అది మరో రకం సూచన. తరగతిలో నోరు విప్పని పిల్ల కావచ్చు, నోటు పుస్తకాలు సమయానికి చూపని పిల్లవాడు కావచ్చు, లేదా చివరి నెలలో గైడు చూసి కంఠస్థం చేసి ఉండవచ్చు. హాజరు గడి కూడా ఇక్కడే చూడండి. నవంబరులో జ్వరంతో పది రోజులు బడికి వెళ్లని పిల్లకు ఆ రోజుల్లో చెప్పిన భిన్నాలు రాకపోతే ఆ లోటును సులభంగా పూడ్చవచ్చు.

గ్రేడు దగ్గరకు వస్తే, ఒక గ్రేడులో చాలా మార్కులు ఇమిడి ఉంటాయి. ఏ మార్కు నుంచి ఏ మార్కు వరకు ఏ గ్రేడో సాధారణంగా కార్డు మీదనే పట్టికగా ముద్రిస్తారు, లేకపోతే అడిగి రాసుకోండి. 71 నుంచి 90 వరకు ఒకే గ్రేడు అనుకుందాం. 72 వచ్చిన పిల్లకూ 89 వచ్చిన పిల్లకూ కార్డులో ఒకే అక్షరం కనిపిస్తుంది. 70 వచ్చిన పిల్లకూ 71 వచ్చిన పిల్లకూ వేర్వేరు అక్షరాలు కనిపిస్తాయి. మొదటి జంట మధ్య చదువులో చెప్పుకోదగ్గ తేడా ఉంది, రెండో జంట మధ్య ఏమీ లేదు. పోయిన ఏడాది ఎ గ్రేడు వచ్చి ఈసారి బి ప్లస్‌కు తగ్గిందని ఇంట్లో కోపగించుకునే ముందు అసలు మార్కులు ఎన్ని తగ్గాయో చూడాలి. మొత్తం మార్కుల సంగతీ ఇంతే. నాలుగు సబ్జెక్టుల మార్కులు కలిపితే తెలుగులో వచ్చిన మంచి మార్కులు గణితంలోని లోటును కప్పేస్తాయి. ప్రతి సబ్జెక్టునూ విడిగానే చూడాలి, దానితో పాటు అదే సబ్జెక్టులో ఏడాది మొదటి నుంచి చివరి దాకా మార్కులు ఎటు నడిచాయో చూడాలి.

ర్యాంకు గురించి ఇంకొంచెం గట్టిగానే చెప్పాలి. తిరుపతిలోని అనేక ప్రైవేటు బడులు వారాంతపు పరీక్షలకూ ర్యాంకులు వేసి తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతాయి. పన్నెండో ర్యాంకు అంటే తనకంటే ముందు పదకొండు మంది ఉన్నారని తప్ప, మీ అమ్మాయికి భాగహారం వచ్చో రాదో దాని వల్ల తెలియదు. తరగతిలో బాగా చదివేవారు ఇద్దరు వేరే ఊరికి వెళ్లిపోతే, ఒక్క పాఠం కొత్తగా నేర్చుకోకుండానే ఆమె ర్యాంకు పదికి వస్తుంది. పదేళ్ల పిల్లలకు ర్యాంకుల వల్ల మేలు లేదన్నది నా అభిప్రాయం. బడి ఇచ్చినా ఇంట్లో దాన్ని చర్చకు తేనక్కరలేదు.

ప్రభుత్వ బడుల్లో ఇచ్చే సమగ్ర ప్రగతి పత్రంలోనూ, కొన్ని ప్రైవేటు బడుల కార్డుల్లోనూ మార్కులతో పాటు పిల్లవాడి ఆరోగ్యం, ఆటపాటలు, నడవడి, ఆసక్తులు వంటి విషయాలు ఉంటాయి. చాలామంది వీటిని చదవకుండా వదిలేస్తారు. "తోటి పిల్లలతో కలవడు", "పని మధ్యలో వదిలేస్తుంది" అని ఉపాధ్యాయులు ఒక మాట రాశారంటే ఆ మాట వెనక నెలల పరిశీలన ఉంటుంది.

సబ్జెక్టు మార్కులను విద్యా ప్రమాణాల వారీగా విడగొట్టి చూపే బడులు కూడా ఉన్నాయి. అలా విడగొట్టి ఇస్తే మీకు సగం పని తప్పినట్లే. తెలుగులో ధారాళంగా చదివి అర్థం చేసుకోవడం, స్వీయరచన, పదజాలం, భాషాంశాలు వంటివి విడివిడిగా కనిపిస్తాయి. గణితంలో సమస్యా సాధన ఒకటి, కారణాలు చెప్పడం మరొకటి, గణిత భాషలో వ్యక్తపరచడం ఇంకొకటి. పరిసరాల విజ్ఞానంలో విషయావగాహన వేరు, పటం చూసి చెప్పడం వేరు. భాషాంశాల్లో మంచి మార్కులు వచ్చి స్వీయరచనలో తగ్గితే, ఆ పిల్లకు వ్యాకరణం తెలుసు, సొంతంగా నాలుగు వాక్యాలు రాసే అలవాటు లేదు అని అర్థం. ఆమెను ట్యూషన్‌లో వేయనక్కరలేదు, రాయించాలి.

జవాబు పత్రం ముందు కూర్చున్నప్పుడు

కార్డు చూశాక ఏ సబ్జెక్టు మీద అనుమానం కలిగిందో ఆ సబ్జెక్టు జవాబు పత్రాన్ని చూపించమని బడిలో మర్యాదగా అడగండి. ఏడాది చివర ఈ పత్రాలు బడిలోనే ఉండిపోతాయి. ఇంటికి ఇవ్వకపోతే అక్కడే కూర్చుని చూసి, తప్పులు జరిగిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని రావచ్చు. మార్కుల కూడికలో పొరపాటు కనిపిస్తే చెప్పడం తప్పు కాదు, అయితే దానికోసమే వెళ్లినట్టు కాకుండా చూసుకోవాలి.

పిల్లలతో కూర్చోవడానికి వేళ ఎంచుకోవాలి. కార్డు వచ్చిన రోజు సాయంత్రం వద్దు. ఆ రోజు పిల్లలు భయంతోనో గర్వంతోనో ఉంటారు, మీరు కూడా స్థిమితంగా ఉండరు. ఒకటి రెండు రోజులు ఆగి, బంధువులెవరూ లేని సమయంలో, పెదనాన్న కొడుకు మార్కుల ప్రస్తావన తేకుండా కూర్చోండి. వేసవిలో గంగమ్మ జాతరకు తిరుపతి వచ్చే చుట్టాలు "ఎన్ని మార్కులొచ్చినాయి రా?" అని అడగడం మామూలే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని పిల్లల మీద వదిలేయకుండా మీరు తీసుకోండి. నేర్చుకోవడంలో ఎక్కడ తడబడుతున్నాడో పిల్లవాడు నోరు తెరిచి చెప్పగలగాలంటే, చెప్పినందుకు తిట్లు పడవన్న నమ్మకం వాడికి కావాలి. కూర్చోగానే తప్పుల దగ్గరకు వెళ్లకుండా, సరిగా చేసిన రెండు మూడు జవాబులను ఎలా చేశాడో వివరించమనండి. వాడి ఆలోచన ఎలా నడుస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఆ తరువాత పోయిన మార్కులను కారణాల వారీగా విడదీయాలి. గణితంలో 100కు 42 వచ్చిన ముగ్గురు పిల్లలను తీసుకుందాం. ఒకరికి లెక్క చేసే పద్ధతే సరిగా రాదు. రెండో వారికి లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు. మూడో వారికి రెండూ వచ్చు, తొందరలోనో సమయం చాలకనో పోగొట్టుకున్నారు. కార్డులో ముగ్గురికీ 42 అనే ఉంటుంది. ముగ్గురికీ చేయవలసిన సాయం మాత్రం పూర్తిగా వేరు. ముగ్గురినీ ఒకే ట్యూషన్‌కు పంపితే ఇద్దరికి డబ్బూ కాలమూ వృథా.

మొదటి రకాన్ని గుర్తించడానికి తప్పు జవాబును పరిశీలించాలి, ఎందుకంటే పిల్లల తప్పులు చాలావరకు ఒక పద్ధతి ప్రకారమే జరుగుతాయి. 4003 నుంచి 1567 తీసివేయమంటే 2436 రావాలి. పిల్లవాడు 3564 అని రాశాడనుకోండి. అది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేశాడు. ఎడమ పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం, ముఖ్యంగా మధ్యలో సున్నాలు ఉన్నప్పుడు తెచ్చుకోవడం వాడికి అర్థం కాలేదు. 612ను 6తో భాగించి 102కు బదులు 12 అని రాస్తే, విభాగఫలంలో సున్నా విలువ తెలియలేదన్నమాట. అంటే లోపం భాగహారంలో లేదు, మూడో తరగతిలో చెప్పిన స్థాన విలువలో ఉంది. సగానికి మూడో వంతు కలపమంటే పైన రెండు, కింద అయిదు వేసిన పిల్లకు భిన్నమంటే ఒకే సంఖ్య అన్న భావన ఇంకా కలగలేదు, పై అంకెలూ కింది అంకెలూ విడివిడిగా కూడుతోంది. ఇలాంటి తప్పు ఒకసారి కాక రెండు మూడు ప్రశ్నల్లో కనిపిస్తే, ఎక్కడ మొదలుపెట్టి నేర్పాలో మీకు దొరికినట్లే. ఐదో తరగతి పుస్తకాన్ని మొదటి పుట నుంచి మళ్లీ చెప్పించే అవసరం ఉండదు.

రెండో రకం మన జిల్లాల్లో చాలా ఎక్కువగా ఉంది, దాన్ని పట్టించుకునేవారు మాత్రం తక్కువ. ప్రైవేటు బడుల్లోనే కాక ప్రభుత్వ బడుల్లోనూ పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పుట తెలుగులో, ఎదురు పుట ఇంగ్లీషులో ఉంటుంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు తెలుగు కూడా బడిలో నేర్చుకునే భాషే. ఇటువంటి పిల్లవాడు లెక్కల పేపరులో తప్పు చేశాడంటే లెక్క రాలేదా, భాష రాలేదా అన్నది విడిగా చూడాలి. దీనికి సులువైన దారి ఉంది. తప్పు పోయిన ప్రశ్నను వాడి చేతే బిగ్గరగా చదివించండి. తడుముకుంటూ చదివితే చదవడంలోనే ఇబ్బంది ఉంది. గడగడా చదివి, "ఏమి అడిగినారు?" అంటే చెప్పలేకపోతే అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉంది. అప్పుడు అదే ప్రశ్నను ఇంట్లో మాట్లాడే భాషలో మీరు చెప్పండి: "కిలో నలభై రూపాయల మామిడికాయలు రెండున్నర కిలోలు తెస్తే ఎంత ఇయ్యాల?" వాడు నోటితోనే వంద అని చెప్పేస్తే వాడికి గణితం వచ్చు. వాడికి కావలసింది ఎక్కాలు కాదు, ప్రశ్నల్లో వచ్చే పదాల మీద పట్టు. మిగిలింది, పంచగా, ఒక్కొక్కరికి, మొత్తం, తేడా అన్న మాటలకు ఇంగ్లీషులో ఏమంటారో, ఆ మాట కనిపిస్తే ఏ లెక్క చేయాలో కొద్ది రోజులు కూర్చోబెట్టి అలవాటు చేస్తే ఆ మార్కులు తిరిగి వస్తాయి.

పరిసరాల విజ్ఞానంలో కూడా ఇదే జరుగుతుంది. నోటు పుస్తకంలో రాయించిన ప్రశ్నలు వచ్చినచోట పూర్తి మార్కులు, కొంచెం మార్చి అడిగినచోట సున్నా ఉంటే, పిల్లవాడు జవాబులను కంఠస్థం చేశాడు, పాఠం చదవలేదు. తెలుగులో చూడని గద్యభాగం ఇచ్చి అడిగిన ప్రశ్నలకు ఎన్ని మార్కులు వచ్చాయో ప్రత్యేకంగా చూడండి. పేపరు మొత్తంలో కంఠస్థానికి లొంగని భాగం అదే, అందుకే పిల్లల అసలు చదువును అది చూపిస్తుంది.

మూడో రకం, అంటే తొందరపాటు. ఇది పెద్దలు అనుకున్నంత ఎక్కువ ఉండదు. "వస్తుంది గానీ అజాగ్రత్త" అని మనం సర్దిచెప్పుకునే తప్పుల్లో చాలావరకు మొదటి రకానివే. తేల్చుకోవడానికి అదే ప్రశ్నను కొత్త కాగితం మీద, మీరు ఏమీ చెప్పకుండా మళ్లీ చేయమనండి. సరిగా చేస్తే తొందరపాటే. మళ్లీ అదే తప్పు వస్తే కాదు. పేపరు మొదట్లో అన్నీ సరిగా ఉండి చివరి పుటలు ఖాళీగా ఉంటే రాత వేగం చాలడం లేదని గ్రహించాలి.

చదువుకోని తల్లిదండ్రులు ఇవన్నీ ఎలా చేయగలరని సందేహం రావచ్చు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే కోసం గ్రామాల్లో ఇంటింటికీ తిరిగే వలంటీర్లు పిల్లలను పరీక్షించే తీరు ఇందుకు పనికొస్తుంది. వారు రెండో తరగతి స్థాయి కథను చదివిస్తారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటారు. అంత చిన్న పరీక్షతోనే పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిపోతుంది. మీరు కూడా పాత రెండో తరగతి తెలుగు పుస్తకం నుంచి ఒక పాఠం చదివించండి. మీకు అక్షరాలు రాకపోయినా చెవులు ఉన్నాయి: అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడా, ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడా, మాట్లాడినట్టుగా చదువుతున్నాడా అన్నది వింటే తెలుస్తుంది. చదివాక కథ మీకు చెప్పమనండి. లెక్కకు అలిపిరి మెట్లనే తీసుకోవచ్చు. మొత్తం 3,550 మెట్లు, 1,275 ఎక్కాము, ఇంకా ఎన్ని ఉన్నాయి? 2,275 అని రావాలి. రెండో తరగతి పాఠం కూడబలుక్కుంటూ చదివే ఐదో తరగతి పిల్లకు కార్డులో ఏ గ్రేడు ఉన్నా, మిగతా పనులన్నీ ఆపి ముందు చదవడం నేర్పించాలి. ఆరో తరగతిలో సైన్సు, సోషల్ విడిపోతాయి, హిందీ కొత్తగా వస్తుంది, పుస్తకాలు లావవుతాయి. చదవడం రాని బిడ్డ ఆ సబ్జెక్టులన్నింటిలోనూ ఒకేసారి వెనుకబడుతుంది.

ఉపాధ్యాయులను అడగవలసినవి

"బాగా చదువుతున్నాడా సార్?" అని అడిగితే "పర్వాలేదు, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అన్న జవాబే వస్తుంది. తప్పు ఉపాధ్యాయులది కాదు, ప్రశ్నే అలాంటిది. జవాబు పత్రం చూసి వెళ్తే మీరు అడిగే తీరు మారుతుంది. "మేడం, సున్నాలున్న తీసివేతల్లో మా పాప తప్పు చేస్తోంది, తరగతిలో కూడా ఇలాగే ఉందా?" అని అడగండి. తరగతిలో సగం మందికి అదే తప్పు ఉంటే బోధనలో ఆ భాగం సరిగా అందలేదని అర్థం, మీ బిడ్డకు మాత్రమే ఉంటే మరో రకంగా చూడాలి. ఆరో తరగతికి వెళ్లే ముందు ఒక్కటే నేర్పించగలిగితే ఏది నేర్పించమంటారో అడగండి. ఎప్పుడు చురుకుగా ఉంటాడో, ఎవరి పక్కన కూర్చుంటే పని చేస్తాడో కూడా ఐదో తరగతి ఉపాధ్యాయులకు తెలుసు. జూన్ తరువాత ఆ సంగతులు అడగడానికి వారు మీకు దొరకకపోవచ్చు.

ప్రభుత్వ బడుల్లో 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి రోజుల్లో బడి నిండా జనం ఉంటారు, ఒక్కొక్కరికి దొరికే సమయం తక్కువ. బిడ్డ చదువు గురించి వివరంగా మాట్లాడాలంటే మామూలు రోజున, ముందుగా చెప్పి, బడి విడిచే వేళకు వెళ్లడమే మంచిది. కూలి పనికో ఫ్యాక్టరీ షిఫ్టుకో వెళ్లేవారు ఫోనులోనైనా పది నిమిషాలు అడగవచ్చు.

బోర్డు మీది అక్షరాలను తప్పుగా ఎక్కించుకునే పిల్లవాడికి ముందు కంటి పరీక్ష చేయించాలి. పిలిస్తే పలకని పిల్లకు చెవి పరీక్ష చేయించాలి. తెలివిగా మాట్లాడుతూ, లెక్కలు నోటితో చేస్తూ, ఎంత నేర్పినా అక్షరాలను తారుమారు చేసేవారికి అభ్యసన వైకల్యం ఉండే అవకాశముంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది, మండల విద్యాధికారి కార్యాలయంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం గురించి అడిగితే దారి చూపుతారు. ఇటువంటి పిల్లలను కొట్టి చదివించబోవడం అన్యాయం.

ప్రవేశ పరీక్షల ఫలితాలు

ఐదో తరగతి పిల్లల్లో కొందరు నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశానికి పెట్టే పరీక్ష కూడా రాస్తారు. ఆ ఫలితాన్ని బడి ఫలితంతో కలిపి చూడకూడదు. నవోదయ పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. 100 మార్కుల్లో సగం మేధాశక్తి ప్రశ్నలకే పోతుంది, మిగిలిన సగాన్ని గణితం, భాష చెరిసగం పంచుకుంటాయి. ఒక విద్యాలయంలో ఉండేవి గరిష్ఠంగా 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. అంత తక్కువ సీట్లకు అంత పోటీ ఉన్నప్పుడు, ఎంపిక కాకపోవడం పిల్లవాడి చదువు మీద తీర్పు కాదు. 2022లో జిల్లాల విభజనతో చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లిన కలికిరి సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ 300 మార్కుల్లో 150 గణితానివే.

జాతీయ సాధన సర్వే, పరఖ్ సర్వే ఫలితాలు పత్రికల్లో జిల్లాల వారీగా వస్తుంటాయి. అవి ఎంపిక చేసిన బడుల్లో కొందరు పిల్లలను పరీక్షించి రాష్ట్రం, జిల్లా ఎలా ఉన్నాయో చెప్పడానికే. మీ బిడ్డ గురించి వాటిలో ఏమీ ఉండదు.

ఆరో తరగతి లోపు

వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే దాదాపు ఏడు వారాలు. ఈ ఏడు వారాల్లో అన్ని సబ్జెక్టులూ బాగుచేయాలని చూస్తే ఏదీ కాదు. జవాబు పత్రంలో దొరికిన లోపాల్లో అన్నింటికంటే కింది తరగతికి చెందినదాన్ని ఒక్కదాన్నే తీసుకోండి, ఎందుకంటే మిగతావి దాని మీదే ఆధారపడి ఉంటాయి. స్థాన విలువ రాకపోతే భిన్నాలు ముట్టుకోవద్దు. రోజూ ఉదయం ఎండ ముదరకముందు అరగంట చాలు; మిగతా రోజంతా తోటలోనో వీధిలోనో ఆడుకోనివ్వండి. చదవడానికి పాఠ్యపుస్తకమే అక్కరలేదు. బాలల కథల పుస్తకం, దినపత్రికలో పిల్లల పేజీ, ఆర్టీసీ బస్టాండులో ఊర్ల పేర్ల బోర్డులు, కిరాణా కొట్టు చీటీ, ఏదైనా సరే, రోజూ బిగ్గరగా చదివించి, చదివింది సొంత మాటల్లో చెప్పించుకోవాలి. ఎంత మెరుగైందో చూడాలంటే మే చివర అదే జవాబు పత్రంలో తప్పు పోయిన ప్రశ్నలను అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి.

బడి మారుతుంటే ప్రాథమిక బడి ఇచ్చే రికార్డు షీటులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయేమో సెలవులకు ముందే సరిచూసుకోండి; తరువాత దిద్దించుకోవడానికి చాలా తిరగవలసి వస్తుంది. ప్రోగ్రెస్ కార్డును నకలు తీయించి, దాని వెనక మీరు గమనించిన లోపం, సెలవుల్లో చేయించిన పని, ఇంకా రానిది మూడు నాలుగు వాక్యాల్లో రాసి లేదా రాయించి, బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరో తరగతి క్లాస్ టీచరుకు ఇవ్వండి. గణితానికి ఒకరు, భాషకు ఒకరు చెప్పే బడి అయితే, ఏ సబ్జెక్టులో లోపముందో ఆ ఉపాధ్యాయులను కూడా అదే రోజు కలిసి రండి.